ఇటలీ నిండా అందమే... ప్రేమ ఏది?

'రాధేశ్యామ్' ఎందుకు మనసుకు ఎక్కలేదు? జవాబు ఇందూరు (నిజామాబాద్) మాగాణుల్లో, బోధన్ చెరకు తోటల్లో వెతికితే...

2022 మార్చి 11, శుక్రవారం. 'రాధేశ్యామ్' విడుదలైన రోజు. 'బాహుబలి' తర్వాత ప్రభాస్ సినిమా అంటే నిజామాబాద్‌లోనూ బోధన్‌లోనూ జాతరే. వర్ని, కోటగిరి, రెంజల్, ఎడపల్లి దిక్కు నుంచి బండికి ముగ్గురేసి పోరగాళ్లు పొద్దున్నే బయల్దేరతారు. ఆ రోజూ బయల్దేరారు. డప్పులు మోగాయి, కాగితాలు ఎగిరాయి. ఇంటర్వెల్‌లో బయటికొచ్చినప్పుడు మాత్రం ఆ హుషారు లేదు. చాయ్ గ్లాసులు పట్టుకుని ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. "సీనరీలైతే మస్తున్నయ్ గనీ..." అని మొదలుపెట్టి సగంలో ఆపేసినవాళ్లే ఎక్కువ. సినిమా అయిపోయాక కూడా ఎవరూ తిట్టలేదు. తిట్టేంత కోపం కూడా రాలేదు. నా దృష్టిలో ఒక ప్రేమకథకు అంతకంటే పెద్ద దెబ్బ లేదు.

ప్రేమకథలంటే నాకు ప్రాణం. మన సినిమాల్లో అవి తగ్గిపోతున్నాయన్న బెంగ కూడా ఉంది. అందుకే ఈ సినిమాను ఒక్క మాటతో కొట్టిపారేయలేను. ఒక్క ఫైటు కూడా లేకుండా, ఒక అగ్రహీరో తన మార్కెట్టు మొత్తాన్ని ఒక ప్రేమకథ మీద పెట్టడం చిన్న సాహసం కాదు. ఆ సాహసం ఫలించి ఉంటే ఇవాళ మరో పదిమంది అలాంటి కథలు రాసేవారు. ఫలించకపోయేసరికి "ప్రేమకథలు ఆడవు" అన్న పాత మాటే మళ్లీ గట్టిపడింది. ఆ మాట తప్పని చెప్పాలంటే అసలు లోపం ఎక్కడుందో చూడాలి.

నాలుగేళ్ల ప్రయాణం

దర్శకుడు రాధాకృష్ణ కుమార్. నిర్మాణం యూవీ క్రియేషన్స్. సమర్పణ కృష్ణంరాజు గారి గోపీకృష్ణా మూవీస్. 2018లో ఇటలీలో చిత్రీకరణ మొదలైంది. 2020 తొలి నెలల్లో జార్జియాలో తీస్తుండగా కరోనా వచ్చిపడింది. యూనిట్ వెనక్కి రావాల్సివచ్చింది. ఆ ఏడాది చివర్లో మళ్లీ ఇటలీ వెళ్లి కొంత తీశారు, మిగతా ఇటలీని హైదరాబాద్‌లో సెట్లుగా కట్టారు. 2021 జూలై అన్నారు, 2022 సంక్రాంతి అన్నారు, చివరికి మార్చిలో వచ్చింది. రెండు వారాలకు, మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' రావడంతో జనం అటు మళ్లారు. ఏప్రిల్ 1కల్లా 'రాధేశ్యామ్' ఓటీటీలో ఉంది.

పనివాళ్ల శ్రమలో లోటు లేదు. మనోజ్ పరమహంస కెమెరా ప్రతి ఫ్రేమునూ తైలవర్ణ చిత్రంలా నిలబెట్టింది. రవీందర్ రెడ్డి కళా దర్శకత్వంలో ఏది ఇటలీయో, ఏది హైదరాబాదో విడదీసి చెప్పడం కష్టం. జస్టిన్ ప్రభాకరన్ పాటలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. పరమహంస గురువు వేషంలో కనిపించిన కృష్ణంరాజు గారికి ఇదే చివరి సినిమా. అదే ఏడాది సెప్టెంబరు 11న ఆయన వెళ్లిపోయారు. ఇంట్లో తీరిగ్గా చూసినవాళ్లలో ఈ సినిమా నచ్చిందన్నవాళ్లూ నాకు తెలుసు, ముఖ్యంగా ఆడవాళ్లు. వాళ్ల మాటను నేను తీసిపారేయడం లేదు. కానీ వాళ్లు కూడా పాటల గురించి, పూజా హెగ్డే బట్టల గురించి, ఆ వీధుల గురించి చెప్పారే తప్ప, విక్రమాదిత్య గురించో ప్రేరణ గురించో మాట్లాడలేదు.

ఇంతకీ కథేమిటి? 1970ల కాలం. విక్రమాదిత్య పేరుమోసిన హస్తసాముద్రికుడు. దేశంలో ఎమర్జెన్సీ రాబోతోందని ముందే చెప్పి, ఆ తర్వాత ఇండియా విడిచి ఇటలీ చేరతాడు. తన చేతిలో ప్రేమగీత లేదు కాబట్టి ప్రేమ జోలికి పోడు. ప్రేరణ డాక్టరు. ఆమెకు తీరని జబ్బు. డాక్టర్లు ఆమెకు గడువు పెడతారు, అతను ఆమె చెయ్యి చూసి నిండు నూరేళ్లంటాడు. రాత గెలుస్తుందా, మనిషి గెలుస్తాడా అన్నది ప్రశ్న. చెప్పుకోడానికి ఎంత బాగుంది! ఇలాంటి కథ వింటే ఏ నిర్మాతైనా చెక్కు రాస్తాడు.

అతిథుల్లా తిరిగిన జంట

నాకు తోచిన లోపం ఇది: ఆ ఇటలీలో ఎవరూ బతకడం లేదు. ఉన్న రెండు గంటల పైచిలుకులో విక్రమాదిత్య ఇంటి అద్దె కట్టడు, భాష రాక తడబడడు, పక్కింటివాడితో తగువు పడడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు మనవాడే, చుట్టూ తిరిగేవాళ్లూ మనవాళ్లే. ఇటలీవాళ్లు వెనకాల నడుచుకుంటూ పోతుంటారు. అది 1970ల ఇటలీ అని గుర్తుచేసేవి కార్లు, కోట్లు, రైలుబండి మాత్రమే. అప్పట్లో ఆ దేశం సమ్మెలతో, రాజకీయ హత్యలతో అట్టుడికిపోయింది. ఆ వేడి ఈ కథకు సోకలేదు. ఎమర్జెన్సీ అనే నిప్పుకణికను చేతిలోకి తీసుకున్న కథ, దాన్ని మొదట్లోనే పక్కన పడేసి విమానమెక్కేసింది.

రైలు సన్నివేశం చూడండి. ప్రేరణ కదిలే రైలు తలుపు పట్టుకుని బయటికి ఒరిగి గాలిలో తేలుతుంటుంది. చున్నీ ఎగురుతుంది, వెనకాల పచ్చటి కొండలు. విక్రమాదిత్య చూసి ఆగిపోతాడు. చూడ్డానికి కళ్లు చాలవు. కానీ ఆ అమ్మాయి అలా ఎందుకు వేలాడుతోంది? ప్రాణం మీద తీపి చచ్చిపోయా, పుట్టుకొచ్చా? ఆ జవాబు తెలిసేసరికి ఆలస్యమైపోయింది, అప్పటికి ఆమె మనకు ఒక బొమ్మగా స్థిరపడిపోయింది. ప్రాణం నిలుస్తుందో లేదో తెలియని అమ్మాయి అంత సాహసం చేస్తుంటే గుండె దడదడలాడాలి. మనం కొండలు చూస్తూ కూర్చున్నాం.

ఇదే కష్టాన్ని తెలుగు సినిమా ఒకసారి అద్భుతంగా దాటింది. 1989 'గీతాంజలి'. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. అక్కడా చావు నీడలో ప్రేమే, అక్కడా అందమైన కొండ ఊరే. నాగార్జున పాత్రకు జబ్బు, గిరిజ పాత్రకూ జబ్బు. ఫైట్ల సందడి దానికీ అక్కర్లేదు. పి.సి.శ్రీరామ్ కెమెరాలో ఊటీ మంచు ఎంత అందంగా ఉందో చెప్పనక్కర్లేదు. అయితే ఆ మంచులో ఒక ఇల్లుంది. ఇంటినిండా చెల్లెళ్లున్నారు. కూతురి జబ్బు సంగతి తెలిసిన తండ్రి, ఆయనా డాక్టరే, లోపల కుమిలిపోతూ పైకి మామూలుగా తిరుగుతుంటాడు. దెయ్యం వేషాలేసి జనాన్ని హడలగొట్టే ఆ పిల్ల అల్లరి చూసి మనం ముందు నవ్వుతాం, నిజం తెలిశాక ఆ నవ్వుకే ఏడుస్తాం. ఊటీ చలి మన ఒంటికి తగులుతుంది, ఎందుకంటే ఆ చలి వాళ్ల ఊపిరికి ప్రమాదం. ప్రదేశం కథలో పనిచేయడమంటే నా లెక్కలో ఇదే.

ప్రభాస్ సంగతికే వద్దాం. 'వర్షం' 2004 సంక్రాంతికి వచ్చింది. అదీ రైల్లో మొదలైన ప్రేమే. మన ఓరుగల్లు నేపథ్యం. అక్కడ వాన అందం కోసం కురవలేదు. ఇద్దర్నీ కలిపింది వాన, విడదీసింది తండ్రి డబ్బు ఆశ. చివరిదాకా వాన కోసం మనమూ ఎదురుచూశాం. 2010 'డార్లింగ్' ఇంకా విచిత్రం. అందులో స్విట్జర్లాండ్ మంచులో నడిచే ప్రేమకథంతా హీరో రౌడీలకు అల్లి చెప్పిన కట్టుకథ. అసలు ప్రేమ సొంతూళ్లో, నాన్న స్నేహితుల కుటుంబాల మధ్య దొరుకుతుంది. విదేశీ దృశ్యాన్ని కలగా వాడుకుని, నిజాన్ని ఇంటికి తెచ్చిన ఆ కథను కరుణాకరన్ ఎంతో తెలివిగా నడిపాడు. పన్నెండేళ్ల తర్వాత అదే హీరోతో మరో బృందం ఆ కట్టుకథనే అసలు కథగా తీసినట్టయింది. నాకు బాధ కలిగించేది ఇదే. ప్రేమను మోయగలిగిన నటుడతను. ఆ కళ్లలోని బెరుకు, ఆ నవ్వులోని మొహమాటం మనకు తెలుసు. వాటికి ఈ సినిమాలో పని దొరకలేదు.

బాన్సువాడ చేసి చూపించింది

మన దిక్కు నుంచే ఒక సాక్ష్యం ఉంది. 2017 జూలై 21న 'ఫిదా' వచ్చింది. శేఖర్ కమ్ముల దర్శకుడు. నిర్మాత దిల్ రాజు మన నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి బిడ్డ. కథాస్థలం బాన్సువాడ. అంతకు ఏడాది కిందటి దాకా మన జిల్లాలోదే, అప్పటికి కొత్తగా ఏర్పడ్డ కామారెడ్డి జిల్లాలో కలిసింది. జిల్లా మారినా నీళ్లు మారలేదు, అదే మంజీర, అదే నిజాంసాగర్.

సాయిపల్లవి భానుమతిగా మన యాస మాట్లాడుతుంటే బోధన్‌లో, నిజామాబాద్‌లో థియేటర్లు ఊగిపోయాయి. మన మాటను విలన్లకో, నవ్వించేవాళ్లకో వదిలేసిన తెరమీద ఒక కథానాయిక దర్జాగా అదే యాసతో ప్రేమించింది, కొట్లాడింది, అలిగింది. ఆమెకు నాయనను, ఊరిని విడిచిపోవడం ఇష్టం లేదు. పెళ్లయితే ఆడపిల్లే ఎందుకు పోవాలి? ఆ ఒక్క పట్టుదల మీద సినిమా మొత్తం నడుస్తుంది. అందుకే ఆ పొలాలు, ఆ కాలువలు, ఆ వాకిలి మనకు బొమ్మల్లా కనబడవు. అవన్నీ ఆమె పోగొట్టుకోబోతున్న ఆస్తి. రెండో సగంలో అమెరికా వస్తుంది, అదీ అందంగానే ఉంటుంది. అక్కడ ఆమె ఎంత బిగుసుకుపోయి ఉంటుందో చూశాక, ఆ పచ్చికబయళ్ల మీద మనకూ మనసు నిలవదు.

గల్ఫ్‌కు మనుషుల్ని పంపి ఎదురుచూసే జిల్లా మనది. ఇక్కడ దాదాపు ప్రతి ఊళ్లో దుబాయి, మస్కట్, కువైట్ మాటలుంటాయి. పెళ్లయిన నెలకే విమానమెక్కిన మొగుడి కోసం ఫోను పట్టుకుని కూర్చున్న ఆడబిడ్డలు ఈ ప్రేక్షకుల్లో ఉన్నారు. పరదేశం అంటే వాళ్లకు వీసా, కంపెనీ, క్యాంపు, నెలాఖరుకు వచ్చే డబ్బు, రాని మనిషి. అలాంటివాళ్ల ముందు ఏ బరువూ లేని ఇటలీని పరిస్తే అది ఎలా అంటుకుంటుంది? వాళ్లకు విదేశీ అందం చూడాలని ఉండదని కాదు. ఆ అందంలో ఒక మనిషి కష్టం కూడా కనబడితే వాళ్లే అందరికంటే ముందు కన్నీళ్లు పెడతారు.

ఇటలీవాళ్లు ఇటలీలో ఏం తీశారు?

తప్పు ఇటలీది కానేకాదు. హాలీవుడ్‌వాళ్లు రోమ్ వెళ్లి, 1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' తీశారు, నలుపు తెలుపుల్లో. రంగు లేకున్నా ఆ నగరం ఇవాళ్టికీ కళ్లముందు కదులుతుంది. రాజకుమారికి దొరికిన ఒక్కరోజు స్వేచ్ఛ ఆ వీధుల్లోనే ఖర్చవుతోందని మనకు తెలుసు కాబట్టి ప్రతి వీధీ విలువైనదే.

ఇంకా ముందు, 1949లో, జుసెప్పే దె సాంతిస్ అనే ఇటలీ దర్శకుడు 'రిసో అమారో' తీశాడు. చేదు బియ్యం అని పేరు. నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు ఆ సినిమా చూపిస్తే ఉలిక్కిపడతాడు. కథ జరిగేది టూరిన్ నగరానికి దగ్గర్లో, వెర్చెల్లీ వరి మడుల్లో. దేశం నలుమూలల నుంచి ఆడకూలీలు రైళ్లెక్కి వస్తారు. మోకాళ్లలోతు నీళ్లలో నడుం వంచి నాట్లేస్తారు, కలుపు తీస్తారు. పనిలో మాట్లాడుకోకూడదు కాబట్టి చెప్పుకోవాల్సిందంతా పాటలో చెప్పుకుంటారు. మన నాట్ల పాటలు విన్నవాళ్లకు ఇది వింత కాదు. ఆ బురదలోనే ప్రేమ పుడుతుంది, ఆశ పుడుతుంది, దొంగిలించిన నగ ఒకటి చేతులు మారుతుంది. చివర్లో ధాన్యం దొంగతనానికి అడ్డు లేకుండా చేయడానికి ఆ కూలీల్లోనే ఒక అమ్మాయి తూముల నీళ్లు మడుల మీదికి వదులుతుంది. నాటిన పంట మీదికి అలా నీళ్లు వదలడమంటే ఏమిటో ఇక్కడ వర్ని, రుద్రూరు రైతుకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇటలీవాళ్లకూ కొండలున్నాయి, సరస్సులున్నాయి, పాత చర్చిలున్నాయి. గొప్ప ప్రేమకథ కావాల్సివచ్చినప్పుడు వాళ్లు వరి మడిలోకి దిగారు. మనం మాగాణి వదిలి వాళ్ల కొండల దగ్గరికి వెళ్లాం.

శక్కర్‌నగర్, 1976

'రాధేశ్యామ్' ఎంచుకున్న కాలంలోనే మన బోధన్ ఎలా ఉండేదో తలుచుకుంటే నాకు మనసాగదు. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాల ఆయకట్టు. ఆ నీళ్లు చూసుకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చుకుంది. దాని పక్కన పుట్టిన ఊరే శక్కర్‌నగర్. నీళ్ల కబురు విని కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు తరలివచ్చి పొలాలు కొన్నారు. వాళ్ల ఊళ్లను మనం నేటికీ క్యాంపులనే అంటాం. చెరకు నరకడానికి మరాఠ్వాడా నుంచి జంటలు జంటలుగా కూలీలు దిగేవారు. ఫ్యాక్టరీ ఆఫీసుల్లో ఉర్దూ, క్యాంపుల్లో ఆంధ్రా తెలుగు, ఊళ్లో మన యాస, తోటల్లో మరాఠీ. ఒకే సంతలో నాలుగు మాటలు.

శీతాకాలంలో క్రషింగ్ మొదలైతే చెరకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు పొడవునా బారులు తీరేవి. తూకం వంతు వచ్చేదాకా రైతులు బండి కిందే గోనె పరుచుకుని పడుకునేవాళ్లు. ఎడ్ల మెడల్లో గంటలు, పిప్పి పొగ, మొలాసిస్ వాసన, షిఫ్టు మారేటప్పుడు సైరన్. ఆ సైరన్‌ను బట్టి ఇళ్లల్లో పొయ్యి వెలిగించేవారు. ఇందులో ఒక ప్రేమకథను ఊహించండి. క్యాంపు రైతు కూతురు, ల్యాబులో పనిచేసే బోధన్ కుర్రాడు. ఆమెవాళ్లకు ఇతని యాస గిట్టదు, ఇతనివాళ్లకు ఆమెవాళ్లు వలస వచ్చినవాళ్లు. అంతకు కొన్నేళ్ల ముందే 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం రెండు వైపులా గాయాలు మిగిల్చి పోయాయి. దేశంలో ఎమర్జెన్సీ. సభ పెట్టాలంటే భయం, సమ్మె అనాలంటే భయం. అయినా చెరకు కోతకు వస్తుంది, సైరన్ మోగుతుంది, ఇద్దరు కాలువ గట్టు మీద కలుసుకోవాలి. ఎవరి కంటా పడకుండా కలుసుకోవడానికి చెరకు తోట కంటే మంచి చోటు ప్రపంచంలో ఉందా?

రాత సంగతి కూడా ఈ నేల మీద ఇంకా లోతుగా తేలుతుంది. 'రాధేశ్యామ్' గురువు చెప్పేది ఏమిటంటే, తొంభై తొమ్మిది పాళ్లు రాతే, మిగిలిన ఒక్క పాలు తమ రాత తామే రాసుకునేవాళ్లది. మంచి ఆలోచన. దాన్ని సముద్రంలో, ఓడ మీద, పెనుఅలల మధ్య తేల్చారు. బోధన్‌లో మనుషుల రాత ఫైళ్ల మీద తేలింది. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. బోధన్‌తోపాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. తెరిపిస్తామన్న మాట ఎన్నో ఎన్నికల్లో విన్నాం. చెరకు వేసిన రైతు వరికి మళ్లాడు, కొలువు పోయినవాడు దొరికిన పనికి పోయాడు. రాతకు లొంగనంటూ జీతం బకాయిల కోసం ఏళ్లకేళ్లు ధర్నాలు చేసిన కార్మికులను చూశాను. అలాంటివాడిని ప్రేమించి, కష్టంలో అతన్ని విడవని భార్య కథలో చేతిగీతకూ మనిషికీ జరిగే పోరు ఎలా ఉంటుందో ఊహకు అందుతుంది. దానికి సునామీ అక్కర్లేదు.

ఇటలీకి పోవద్దని నేననను. పోండి. అక్కడ వంట చేసే, చదువుకునే, ఆవులు కాసే, ఉద్యోగం పోతుందని భయపడే భారతీయులున్నారు. పో నది పరీవాహకంలో పాల డెయిరీల్లో పంజాబీలు దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. వాళ్లలో ఒకడు ఒక ఇటలీ అమ్మాయిని ప్రేమిస్తే ఆ కొండలకూ పొలాలకూ ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. ఇటలీలోనైనా, ఎడపల్లిలోనైనా దర్శకుడు కెమెరా దింపేముందు ఆ ఊళ్లో పొద్దున్నే లేచి పనికి పోయేవాళ్లతో కొన్ని రోజులు గడపాలి. శేఖర్ కమ్ముల బాన్సువాడను అంత దగ్గరగా చూశాడు కాబట్టే భానుమతి పుట్టింది.

శక్కర్‌నగర్ క్వార్టర్లలో కాపురాలు చేసినవాళ్లు, ఆ సైరన్‌కు లేచినవాళ్లు ఇంకా బోధన్‌లో ఉన్నారు. డెబ్బై, ఎనభై ఏళ్ల వయసు. ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరి పెళ్లి ఎందుకు ఆగిందో, క్రషింగ్ రాత్రుల్లో ఎవరు ఎవరికోసం గేటు దగ్గర నిలబడ్డారో వాళ్లకు పేరుపేరునా తెలుసు. అడిగితే చెప్తారు, కూర్చోబెట్టి చాయ్ పోసి మరీ చెప్తారు. తెలుగులో ఒక మంచి ప్రేమకథ రాయాలనుకుంటున్న దర్శకులెవరైనా ఉంటే నిజామాబాద్ నుంచి బోధన్ బస్సు గంటలోపే దింపుతుంది. ఈ ఏడాదే రండి, ఆ వయసువాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.